పార పట్టిన నావికులు: సెవాస్టోపోల్ ముట్టడి, 349 రోజులు

మా ఆఫీసులో రిలీజ్ పెట్టుకున్న శనాదివారాల్లో ఒక కాన్ఫరెన్స్ రూము తలుపుకి 'వార్ రూమ్' అని కాగితం అంటిస్తారు. అందులో జరిగే యుద్ధమంతా పిజ్జా ముక్కల మీదే, అది వేరే సంగతి. మొన్నామధ్య అలాంటి ఒక రాత్రి, డేటా మైగ్రేషన్ ఇంకో నాలుగ్గంటలు పడుతుందని తేలింది. చేసేదేం లేక ఫోన్లో టాల్‌స్టాయ్ 'సెవాస్టోపోల్ కథలు' తెరిచాను. ఆయన 'యుద్ధము - శాంతి' రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ చేతులెత్తేసిన చరిత్ర నాది. ఇది చిన్న పుస్తకం కదా అని ధైర్యం. పైగా ఫిరంగి దళంలో చిన్న ఆఫీసరుగా, ఇరవయ్యారేళ్ళ వయసులో, ఆ గుండ్ల మధ్య ఉండొచ్చి రాసినది.

తెల్లారేసరికి మైగ్రేషనూ అయింది, పుస్తకమూ అయింది. అప్పట్నుంచి ఆ ముట్టడి గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ సేనాధిపతుల మీద ఆసక్తి తగ్గిపోయి ఒక ఇంజినీరు మీద పెరిగింది. పేరు ఎడ్వార్డ్ టోట్లెబెన్. అతను చేసిన పని చూసి మొదట చప్పట్లు కొట్టాను. ఇప్పుడు అంత గట్టిగా కొట్టలేకపోతున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

ముందు నేపథ్యం, టూకీగా. 1853లో రష్యాకీ టర్కీకీ యుద్ధం మొదలైంది. ఆ ఏడు నవంబరు 30న రష్యా అడ్మిరల్ నఖీమోవ్ సినోప్ రేవులో టర్కీ నౌకల్ని తగలబెట్టాడు. రష్యా బలం పెరిగిపోతోందని ఇంగ్లాండు, ఫ్రాన్సు 1854 మార్చిలో టర్కీ పక్షాన దిగాయి. ఇద్దరి కళ్ళూ నల్లసముద్రంలో రష్యా నౌకాదళానికి ఇల్లయిన సెవాస్టోపోల్ మీద పడ్డాయి. క్రిమియా ద్వీపకల్పానికి నైరుతి కొసన 1783లో కట్టిన రేవు అది. సముద్రం ఒక పొడవాటి వేలు లాగా నేలలోకి ఆరేడు కిలోమీటర్లు చొచ్చుకొస్తుంది. ఆ వేలికి దక్షిణం ఒడ్డున ఊరు, డాకులు, బారకాసులు. ఉత్తరం ఒడ్డున పెద్దగా ఏమీ లేదు.

వేలు మొదట్లో, సముద్రం వైపు, రాతి కోటలు. అంతస్తులు అంతస్తులుగా ఫిరంగులు. ఏ నౌకాదళమైనా లోపలికి రావాలంటే రెండు ఒడ్డుల నుంచీ దెబ్బ తినాల్సిందే. మరి నేల వైపు? దక్షిణాన బురుజులు కట్టాలని 1830ల నుంచీ ప్లాన్లున్నాయి. కాగితం మీద. అక్కడక్కడా గోడలు, సగంలో ఆగిన కట్టడాలు తప్ప పెద్దగా లేచింది లేదు. శత్రువు వస్తే సముద్రం మీదే వస్తాడు, అటు కాపలా ఉంటే చాలు అన్నది లెక్క. మనం ఫైర్‌వాల్ ఒక్క పోర్టు మీద పెట్టుకుని హాయిగా నిద్రపోవడం లాంటిది (రేవు గురించి రాస్తూ పోర్టు అనడం కావాలని చేసింది కాదు).

శత్రువు సముద్రం మీదే వచ్చాడు. కాకపోతే రేవు ముందుకి కాదు. 1854 సెప్టెంబరు 14న ఉత్తరాన యెవ్పటోరియా దగ్గర ఖాళీ ఇసుక ఒడ్డున దిగాడు. అరవై వేలకు పైగా సైన్యం. సెప్టెంబరు 20న ఆల్మా నది దగ్గర రష్యా సేనాధిపతి మెన్షికోవ్‌ని ఓడించి దక్షిణానికి నడక మొదలెట్టారు.

ఇప్పుడు రష్యా వాళ్ళు చేసిన పని చూడండి. సెప్టెంబరు 23న తమ పెద్ద యుద్ధనౌకలు అయిదింటినీ, రెండు ఫ్రిగేట్లనీ రేవు మూతి దగ్గర వరసగా నిలబెట్టి తామే ముంచేశారు. శత్రు నౌకలకి దారి మూసేయడానికి. అడ్మిరల్ కొర్నిలోవ్ దీనికి ససేమిరా అన్నాడు, ఓడల్తో ఎదురెళ్ళి పోరాడదాం అన్నాడు. చివరికి మెన్షికోవ్ ఆజ్ఞకి తలొంచాడు. 'ముగ్గురు సాధువులు' అని అర్థం వచ్చే పేరున్న ఒక పెద్ద ఓడ అడుగున కన్నాలు పెట్టినా ఎంతకీ మునగలేదట. సొంత స్టీమరు చేతనే దాన్ని గుండ్లతో కొట్టించాల్సి వచ్చింది. ఒడ్డున నిలబడి చూస్తున్న నావికులు ఏడ్చారని రాశారు. ఆ నావికులకి మర్నాటి నుంచి చేతికి పారలిచ్చారు.

అక్కడ మన కథానాయకుడు రంగంలోకొస్తాడు. టోట్లెబెన్ అప్పటికి ముప్ఫై ఆరేళ్ళ లెఫ్టినెంట్ కర్నలు. ఇప్పటి లాత్వియాలో ఉన్న మితావులో పుట్టిన జర్మను కుటుంబం వాడు. ఆగస్టులో సెవాస్టోపోల్‌కి వస్తే మెన్షికోవ్ అతన్ని పెద్దగా పట్టించుకోలేదు, నీ అవసరం ఇక్కడేం లేదన్నట్టే మాట్లాడాడు. ఆల్మా తర్వాత ఆ మెన్షికోవే సైన్యాన్ని తీసుకుని, రష్యాతో సంబంధం తెగిపోకూడదని ఊరు వదిలి లోపలికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో మిగిలింది ఎక్కువగా నావికులు, కొర్నిలోవ్, నఖీమోవ్, టోట్లెబెన్.

సరిగ్గా అదే సమయంలో శత్రువులు ఉత్తరం వైపు నుంచి కొట్టకుండా ఊరిని చుట్టి దక్షిణానికి పోదామని నిర్ణయించుకున్నారు. ఇక్కడొక తమాషా. సెప్టెంబరు 25న ఇంగ్లీషు సైన్యం అడవి దారిలో వెళ్తుంటే మెన్షికోవ్ సైన్యం తోక భాగం ఎదురుపడింది. ఒకరి ముందునుంచి ఒకరు అడ్డంగా నడిచి పోతున్నామన్న సంగతి రెండు సైన్యాలకీ తెలీదు!

దక్షిణం చేరాక వెంటనే దాడి చేసుంటే ఊరు పడిపోయేది. ఇంగ్లీషు జనరల్ క్యాత్‌కార్ట్ అదే అన్నాడు. తర్వాత టోట్లెబెన్ కూడా తన పుస్తకంలో ఆ రోజుల్లో వచ్చుంటే ఆపగలిగేవాళ్ళం కాదని ఒప్పుకున్నాడు. కానీ ఇంగ్లీషు సేనాని రాగ్లన్, ఫ్రెంచి సేనాని కాన్రోబేర్, ముందు పెద్ద ఫిరంగులు దింపుదాం, పద్ధతిగా ముట్టడి వేద్దాం అన్నారు. అనవసరంగా మనుషులు చావకూడదని కూడా ఆలోచించారు, ఆ మాట మర్చిపోకండి. అలా మూడు వారాలు గడిచాయి.

ఆ మూడు వారాల్లో టోట్లెబెన్ చేసినది ప్రతి ఇంజినీరూ చదవాలి. పక్కాగా కోట కట్టే టైం లేదని అతనికి తెలుసు. అందుకని రాతి గోడల ఊసే ఎత్తలేదు. నేల ఎత్తుపల్లాలు చూసుకుని, ఓడల మీది ఫిరంగుల్ని ఎక్కడికి త్వరగా లాక్కురాగలమో అక్కడ పెట్టించాడు. వాటి ముందు మట్టి కట్ట, కట్ట ముందు కందకం, మధ్యమధ్యలో తుపాకి వాళ్ళకి గోతులు. చువ్వలతో అల్లిన గంపల్లో మట్టి నింపి గోడలు. ముందు ఏదో ఒకటి నిలబడాలి, తర్వాత ప్రతి రాత్రీ దాన్ని కొంచెం కొంచెం బాగు చెయ్యాలి. నావికులు, సిపాయిలు, ఊళ్ళో జనం, ఆడవాళ్ళు, జైల్లోంచి వదిలిన ఖైదీలు, అందరూ మట్టి మోశారు. అక్టోబరు 17 నాటికి నేల వైపు 341 ఫిరంగులు లేచాయి. ఓడ మీద ఫిరంగి చుట్టూ ఏ జట్టు ఉండేదో బురుజు మీదా అదే జట్టు. గంటలు, దుర్భిణీలు, జెండా సైగలు కూడా ఓడ మీంచి దిగొచ్చినవే.

అక్టోబరు 17 పొద్దున నేల మీంచి 120కి పైగా ఫిరంగులతో మిత్రపక్షాలు మొదలెట్టాయి. కాసేపటికే ఒక రష్యా గుండు ఫ్రెంచి మందుగుండు కొట్టు మీద పడింది. అది పేలిపోయింది, ఫ్రెంచి వాళ్ళు ఆ రోజుకి చల్లబడిపోయారు. మధ్యాహ్నం సముద్రం మీంచి నౌకాదళం వచ్చి వెయ్యికి పైగా ఫిరంగులతో రాతి కోటల్ని సాయంత్రం దాకా కొట్టింది. ఎదురుగా ఉన్నవి నూటయాభై చిల్లర. ఫలితం? కోటలకి గీతలు పడ్డాయి, కొయ్య ఓడలకి నిప్పంటుకుంది. అయిదొందల మంది దాకా నావికులు చచ్చో గాయపడో పోయారు, రెండు ఇంగ్లీషు ఓడలు మరమ్మతుకి కాన్‌స్టాంటినోపుల్ పోవాల్సొచ్చింది. ఆ తర్వాత ముట్టడి అయ్యేదాకా ఓడలు ఆ కోటల జోలికి గట్టిగా పోలేదు. (సరిగ్గా ఏడాదికి, 1855 అక్టోబరు 17న, కిన్‌బర్న్ కోట మీద ఫ్రాన్సు ఇనుప తొడుగు వేసిన తేలే బ్యాటరీలు ప్రయోగించి గెలిచింది. కొయ్య ఓడల కాలం అయిపోయిందని అందరికీ అర్థమైంది.)

కానీ ఆ రోజు నేల వైపు ఒక చోట ఇంగ్లీషు వాళ్ళు పని పూర్తి చేశారు. మూడో బురుజు, వాళ్ళు 'రెడాన్' అని పిలిచింది, మందుగుండు పేలి నేలమట్టమైంది. లోపల కాపలా అనేదే దాదాపు మిగల్లేదు. అప్పుడు పరిగెత్తి ఉంటే దొరికేది. ఫ్రెంచి వాళ్ళు ఆగిపోయారు కాబట్టి వీళ్ళూ ఆగారు. మర్నాడు తెల్లారి చూస్తే రెడాన్ మళ్ళీ నిలబడి ఉంది! రాతి గోడ కూలితే నెలలు పడుతుంది. మట్టి కూలితే ఒక రాత్రి, బోలెడంత మంది, పారలు. అంతే. కొర్నిలోవ్ మాత్రం ఆ రోజే మలకోవ్ గుట్ట మీద గుండు తగిలి పోయాడు.

ఇక చలికాలం. అసలు చావులు ఇక్కడే.

ఈ యుద్ధం పేరు చెప్పగానే ఇంగ్లీషు చదువుకున్న వాళ్ళకి అక్టోబరు 25న బలక్లావా దగ్గర తప్పుడు ఆజ్ఞ మీద ఫిరంగులకెదురెళ్ళిన గుర్రపు దళం గుర్తొస్తుంది. టెన్నిసన్ పద్యం పుణ్యమా అని. ఆ రోజు జరిగిన అసలు నష్టం గురించి ఎవరూ పద్యం రాయలేదు. అది ఒక రోడ్డు. ఇంగ్లీషు వాళ్ళ రేవు బలక్లావా, వాళ్ళ గుడారాలు అక్కడికి పది కిలోమీటర్ల ఎత్తు మీద. రెంటి మధ్యా రాళ్ళు పరిచిన మంచి దారి ఒక్కటే, వొరంత్సోవ్ రోడ్డు. ఆ రోజు యుద్ధంలో ఆ రోడ్డు పక్క గుట్టలు రష్యా చేతిలోకి పోయాయి. మిగిలింది బండ్ల బాట. వానలు పడగానే అది మోకాలి లోతు బురద.

నవంబరు 14న తుఫాను. 'ప్రిన్స్' అనే ఓడ మునిగింది, నలభై వేల చలి కోట్లతో సహా. ఆ తర్వాత సామాన్లు వచ్చాయి, రాక కాదు. బలక్లావా రేవులో ఓడల్లో పేరుకుపోయాయి. పది కిలోమీటర్ల పైన సిపాయిలు చిరుగు బట్టల్లో గోతుల్లో నిలబడి గడ్డకట్టారు. గడ్డి అందక గుర్రాలు ఒకదాని తోక ఒకటి కొరుక్కుతిన్నాయి, చచ్చాయి. గుర్రాలు పోయాక సరుకు మనుషులే మోశారు. కాఫీ ఇచ్చారు, పచ్చి గింజలు! వేయించడానికి పొయ్యిలో కట్టె లేదు. చిగుళ్ళు కుళ్ళి స్కర్వీతో మనుషులు పోతుంటే, డిసెంబరులో రేవుకి చేరిన నిమ్మరసం పెట్టెలు ఫిబ్రవరి దాకా పంచలేదు. ఎవరూ దాచుకోలేదు, ఎవరూ దొంగిలించలేదు. ఇవ్వమని చెప్పాల్సింది ఎవరో ఎవరికీ తెలీదు, అంతే. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఇలాంటి టికెట్ నేనూ చూశాను, మూడు టీములు ఒకళ్ళ పేరు మీంచి ఒకళ్ళ పేరు మీదకి తోసుకుంటూ పోయింది. మా దాంట్లో ఎవరూ చావలేదు కాబట్టి నవ్వుకున్నాం.

ఈ మొత్తం యుద్ధంలో ఇంగ్లీషు సైన్యంలో నేరుగా పోరులో చచ్చింది 2,755 మంది. రోగాలతో పోయింది పదహారు వేల పైచిలుకు. 'టైమ్స్' విలేఖరి రస్సెల్ ఇదంతా రాస్తుంటే లండన్లో జనం మండిపడ్డారు. 1855 జనవరి 29న పార్లమెంటులో 305-148 తేడాతో ఓడి అబర్డీన్ ప్రభుత్వం పడిపోయింది. ఫ్రెంచి వాళ్ళు ఆ మొదటి చలికాలం మెరుగ్గానే నెట్టుకొచ్చారు, రెండో చలికాలంలో టైఫస్ వాళ్ళని ఊడ్చేసింది.

బురదకి మందు సైన్యం కనిపెట్టలేదు, రైల్వే కాంట్రాక్టర్లు కనిపెట్టారు. పీటో, బ్రాసీ, బెట్స్ అనేవాళ్ళు లాభం లేకుండా కడతామని ఇంగ్లాండు నుంచి కూలీల్ని, పట్టాల్ని ఓడలెక్కించారు. ఫిబ్రవరిలో మొదలెట్టి ఏడు వారాల్లో సుమారు 11 కిలోమీటర్ల లైను వేసి ఎత్తు మీదకి చేర్చారు. ఏప్రిల్ నాటి ఫిరంగి దాడికి గుండ్లన్నీ దాని మీదే వెళ్ళాయి. అదే ఏప్రిల్లో వార్నా నుంచి బలక్లావాకి సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేశారు. దాంతో పారిస్ నుంచి మూడో నెపోలియన్ రోజూ సలహాలు పంపడం మొదలెట్టాడు. కాన్రోబేర్ విసిగిపోయి మేలో పదవి వదులుకున్నాడు, తర్వాత వచ్చిన పెలీసియే ఆ తీగని తిట్టుకుంటూనే పని చేశాడు. లండన్ నుంచి ఒక కెప్టెన్‌ని జెర్రి కుట్టిందటగా, కనుక్కుని చెప్పండి అని టెలిగ్రాం వచ్చిందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. ఆఫ్‌షోర్‌లో అర్ధరాత్రి పింగ్ వచ్చినవాళ్ళకి వివరించక్కర్లేదనుకుంటా :)

మరి రష్యా? అది వాళ్ళ సొంత దేశం కదా. కానీ మాస్కోకి దక్షిణాన రైలు పట్టా అన్నదే లేదు. లండన్ నుంచి ఆవిరి ఓడలో సరుకు మూడు వారాల్లో వస్తే, మాస్కో నుంచి ఎడ్లబండి మీద నెలలు. కొత్త దళాలు వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచొచ్చేవి, వచ్చేవాళ్ళలో కొందరు దారిలోనే పోయేవారు. ఈ ముట్టడిలో ఊరిని పూర్తిగా ఎప్పుడూ చుట్టుముట్టలేదు. ఉత్తరం ఒడ్డు చివరిదాకా తెరిచే ఉంది. అయినా ఆ తెరిచిన తలుపులోంచి మందుగుండు చాలినంత రాలేదు. శత్రువు పది కొడితే తక్కువ కొట్టండి, లెక్క చూసుకుని కొట్టండి అని బురుజులకి చెప్పాల్సిన స్థితి. మేలో మిత్రపక్షాలు కెర్చ్ జలసంధి దాటి అజోవ్ సముద్రంలో ధాన్యం కొట్లు తగలబెట్టాక ఇంకా బిగిసింది.

అన్నట్టు, మనకి సంబంధించిన ఒక ముక్క ఇక్కడ ఉంది. నానాసాహెబు పింఛను కోసం లండన్ వెళ్ళి పని జరక్క తిరిగొస్తున్న అజీముల్లా ఖాన్, 1855 జూన్ 18న ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్ళ పెద్ద దాడి ఘోరంగా దెబ్బతిన్న సంగతి విని, పని కట్టుకుని సెవాస్టోపోల్ చూడ్డానికి వచ్చాడు. రస్సెల్‌ని కలిశాడు. ఇంగ్లీషువాణ్ణి ఓడించొచ్చు అని కళ్ళారా చూసుకుని ఇంటికెళ్ళాడు. రెండేళ్ళకి కాన్పూర్. 1857 తిరుగుబాటు గురించి రాయడానికి ఇండియా వచ్చిన రస్సెల్ ఈ కలయిక గుర్తు చేసుకుని తన డైరీలో రాశాడు.

నేల కింద యుద్ధం ఒకటి వేరే నడిచింది. నాలుగో బురుజు కిందకి ఫ్రెంచి వాళ్ళు సొరంగం తవ్వుకొస్తారని టోట్లెబెన్ ముందే ఊహించి ఎదురు సొరంగాలు తవ్వించాడు. చీకట్లో చెవి మట్టికి ఆనించి అవతలివాడి పలుగు చప్పుడు వినడమే పని. మొత్తం మీద ఫ్రెంచి వాళ్ళు ఒకటింపావు కిలోమీటరు తవ్వితే రష్యా వాళ్ళు ఏడు కిలోమీటర్లకు దగ్గరగా తవ్వారు. పైకి రాకుండానే ఆ బురుజుని కాపాడుకున్నారు.

జూన్ 20న టోట్లెబెన్‌కి కాలికి గాయమైంది. జూలైలో నఖీమోవ్ మలకోవ్ మీద నిలబడి చూస్తుంటే తలకి గుండు తగిలింది. మార్చిలోనే ఇస్తోమిన్ పోయాడు. ముగ్గురు అడ్మిరల్సూ ఆ గుట్ట చుట్టుపక్కలే. ఫ్రెంచి గోతులు రోజుకి కొంచెం జరుగుతూ మలకోవ్‌కి పాతిక మీటర్ల దాకా వచ్చేశాయి. 1855 సెప్టెంబరు 8, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. సైగ బాణాలు లేకుండా, గడియారాలన్నీ ఒకే టైముకి కలుపుకుని, లోపల కాపలా మారే వేళ చూసి మక్‌మహోన్ దళం దూకింది. పది నిమిషాల్లో లోపలున్నారు.

మిగతా చోట్ల దాడులన్నీ రష్యా వాళ్ళు తిప్పికొట్టారు. రెడాన్ మీదకి రెండొందల మీటర్ల ఖాళీ నేల దాటి వచ్చిన ఇంగ్లీషు వాళ్ళని చితక్కొట్టారు. కానీ మలకోవ్‌ని వెనక్కి తీసుకోలేకపోయారు. ఎందుకంటే ఆ బురుజుని అన్నివైపులా మూసి కట్టారు. వెనక కూడా కట్ట, కందకం, లోపల అడ్డకట్టలు. చుట్టూ అన్నీ పోయినా ఇది నిలబడాలని. ఇప్పుడు లోపల ఫ్రెంచి వాళ్ళున్నారు, అది వాళ్ళకే నిలబడింది. తమ మట్టి కట్ట మీదకి తామే మళ్ళీ మళ్ళీ ఎక్కబోయి చచ్చారు. ఆ ఒక్క రోజే రష్యా వైపు పదమూడు వేలు, ఇటు పది వేలు, చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ.

ఆ రాత్రి రష్యా సైన్యం మిగిలిన ఓడల్నీ ముంచేసి, మందుగుండు కొట్లు పేల్చేసి, ఊరికి నిప్పుపెట్టి, కిందటి నెలలోనే దుంగలతో కట్టుకున్న కిలోమీటరుకు కాస్త తక్కువ పొడవు వంతెన మీద ఉత్తరం ఒడ్డుకి దాటింది. 349 రోజులు. రష్యా నష్టం ఒక్క ఈ ముట్టడిలోనే లక్ష దాటిందని లెక్క. గెలిచినవాళ్ళు డాకుల్ని పేల్చేశారు. ఆ డాకులు కట్టింది జాన్ అప్టన్ అనే ఇంగ్లీషు ఇంజినీరే. 1856 మార్చి 30న పారిస్ సంధిలో నల్లసముద్రంలో రష్యాకి నౌకాదళం ఉండకూడదని రాసుకున్నారు. పదిహేనేళ్ళు తిరక్కుండానే, 1871కల్లా, ఆ షరతూ ఎగిరిపోయింది.

ఇప్పుడు నా ఇబ్బంది. 1854 సెప్టెంబరు చివర్లో ఊరు పడిపోయుంటే కొన్ని వేల మంది పోయేవారు. సంధి ఇంచుమించు ఇదే అయ్యుండేది. మూడు వారాల్లో ఒకడు అద్భుతంగా పని చేశాడు కాబట్టి లక్షల్లో పోయారు. అతనేం తప్పు చేశాడు? ఏమీ లేదు. తన పని తాను చేశాడు, నాకు తెలిసిన ఏ ఇంజినీరు కన్నా బాగా చేశాడు. ఊరు అప్పజెప్పమని చెప్పే అధికారం అతనికి లేదు. మా స్నేహితుడొకడు, డెలివరీ మేనేజరు, ఇది చెబితే ఒక్క మాటన్నాడు: "చెత్త ప్రాజెక్టుని నువ్వు బాగా నిలబెట్టావు కాబట్టే అది ఇంకా నడుస్తోంది". నాకు వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు. ఊరు కాపాడుకోవడాన్ని చెత్త ప్రాజెక్టు అనడం ఎంత తేలిక, మట్టి మోసిన ఆ ఆడవాళ్ళని అడిగితే ఏమంటారో. అలాగని ఆ లక్ష అంకె పక్కకి తోసేసి చప్పట్లూ కొట్టలేను.

టోట్లెబెన్ దీని గురించి ఏమైనా అనుకున్నాడో ఏమో గానీ, ఇరవై రెండేళ్ళ తర్వాత అతను చేసిన పని ఒకటుంది. 1877లో రష్యా-టర్కీ మళ్ళీ యుద్ధం. బల్గేరియాలో ప్లెవ్నా అనే ఊళ్ళో ఉస్మాన్ పాషా అచ్చం సెవాస్టోపోల్‌లో లాగే హడావుడిగా మట్టి కట్టలు లేపి కూర్చున్నాడు. రష్యా సైన్యం మూడుసార్లు ఎదురెళ్ళి మూడుసార్లూ వేలకు వేలు పోగొట్టుకుంది. అప్పుడు టోట్లెబెన్‌ని పిలిపించారు. వయసు దాదాపు అరవై. వచ్చి, కట్టలు చూసి, నాలుగో దాడి వద్దన్నాడు. దారులన్నీ మూసేయించాడు, ఈసారి ఏ వైపూ తెరిచి ఉంచలేదు. లోపల తిండి అయిపోయేదాకా కూర్చున్నాడు. డిసెంబరు 10న ఉస్మాన్ పాషా బయటపడబోయి, కుదరక లొంగిపోయాడు.